పాత చేతిరాతను ఫాంటుగా మారిస్తే అది బతికినట్టేనా?

గోడరాత:
నిన్న ఒక శుభలేఖ వచ్చింది. బాపు గారి రాతను పోలిన ఫాంటులో అచ్చువేశారు. నాలుగు పంక్తుల్లో మూడుచోట్ల "మ్మ" ఉంది. మూడింటికీ ఒకే వంపు, ఒకే చోట కుంచె విరుపు. చేత్తో రాసేవారు పక్క అక్షరాన్ని చూసి ఒత్తు వేస్తారు. కింద చోటుంటే సాగదీస్తారు, ఇరుకైతే ముడుస్తారు. ఆ చూపు పోయాక అక్షరం అక్కడ ఉన్నా రాత లేదనిపిస్తుంది. ఇదే ఫాంటు మా వీధి ఎరువుల దుకాణం బోర్డు మీదా ఉంది, సంతాప ఫ్లెక్సీ మీదా ఉంది. పాత రాతలను ఫాంట్లుగా మార్చడం ఆపాలని నా అభిప్రాయం.

శుభలేఖల డీటీపీ:
20 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మీ మాట బాధపెట్టింది. నా దగ్గరకు వచ్చేవారు ఫాంటు పేరు అడగరు, "బాపు అక్షరాలు వేయండి" అంటారు. ఆయన 2014లో వెళ్లిపోయారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు కూడా ఆ రాతను చూడగానే గుర్తుపడుతున్నారంటే ఈ శుభలేఖల చలవ లేదా? 200 కార్డుల కోసం చిత్రకారుడితో రాయించుకునే స్తోమత ఎందరికి ఉంటుంది?

అక్షరశాల:
గోడరాత గారు చూపిన లోపం నిజమే, దానికి మందూ ఉంది. ఓపెన్‌టైప్ అనే రకం ఫాంటులో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, ఇరుగుపొరుగును బట్టి మారేలా నియమాలు రాయవచ్చు. ఇంగ్లీషు చేతిరాత ఫాంట్లలో ఇది మామూలే. మన చిక్కంతా లెక్కలో ఉంది. సుమారు 35 హల్లులు, ఒక్కోదానికి గుణింతం. అక్కడికే 400 దాటుతుంది. ఆపైన ఒత్తులు. అన్నింటికీ మూడేసి రూపాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే నేను మ్మ, ల్లు, న్న, క్క, త్తు లాంటి తరచుగా వచ్చేవాటికే మారురూపాలు గీస్తాను. మీ శుభలేఖలోది బహుశా యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణానికి) ముందుకాలపు ఫాంటు. అచ్చువేసినవారి దగ్గరున్న ఫైలులోంచి ఆ పాఠాన్ని కాపీ చేసి ఫోనులో అతికించి చూడండి, ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది.

పాతపుస్తకాల పెట్టె:
చేతిరాత సంగతి అలా ఉంచితే, సీసపు అచ్చును అనుకరించే ఫాంట్లలో నాకు కనిపించే లోటు వేరు. అంచులు చెదరగొట్టి, సిరా పాకినట్టు మచ్చలు పెట్టి ఊరుకుంటారు. సిరా పాకాలని ఆ అచ్చులు చెక్కినవారు కోరుకోలేదు! 19వ శతాబ్దపు పుస్తకం తెరవండి. "ధర్మము" అక్కడ "ధమ౯ము" అని ఉంటుంది. రకారం తరువాతి అక్షరానికి కుడిపక్కన వలపలగిలకగా నిలుస్తుంది. అరసున్నలు, నకారపొల్లు (పొల్లు న్ కు పాత గుర్తు), నిఘంటువుల్లో ౘ, ౙ కనిపిస్తాయి. ౘ, ౙలకు యూనికోడ్‌లో 2008లో చోటు దొరికింది. నకారపొల్లు 2021 దాకా ఆగాల్సివచ్చింది. మచ్చల మీద చూపే శ్రద్ధలో సగం వీటి మీద చూపిన ఫాంటు వస్తే డబ్బిచ్చి కొంటాను.

అక్షరశాల:
వలపలగిలకను నేను ఇంతవరకు పట్టించుకోలేదు. చేరుస్తాను.

గోడరాత:
డీటీపీ గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "ఆపాలి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మూలరాతను అక్షరాలుగా విడగొట్టే ముందు పదాలు పదాలుగానే స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచాలి, అది ఎవరి చేతిదో చెప్పాలి. ఈ రెండింటి దగ్గర నేను తగ్గను. మా నాన్నగారు దుకాణాల బోర్డులు రాసేవారు. ఆయన కాగితాల మీద గీసుకున్న నమూనాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. రాత్రి తీసి చూశాను. ఒక్క "మ"యే 11 రకాలుగా ఉంది. "మందుల షాపు"లో పొట్టిగా ఒదిగి ఉంది, "మహల్"లో తోక పక్క అక్షరం కిందదాకా పోయింది. వీటిలో ఏ "మ"ను ఫాంటులో పెడతారు?

అక్షరశాల:
11 కూడా పంపండి.