800 కారు: కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ ‘టక్’మని ఆగిపోతోంది

కాకినాడ_తెల్లబండి:
మా నాన్నగారి 2003 మోడల్ మారుతి 800. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను, అమ్మే ఉద్దేశం లేదు. సముద్రానికి దగ్గర్లో ఇల్లు. వారం నుంచి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. హారన్ గట్టిగానే మోగుతుంది, లైట్లూ వెలుగుతాయి. నాలుగైదు సార్లు తిప్పితే ఒకసారి స్టార్ట్ అవుతుంది. నెట్టి సెకండ్ గేర్‌లో వదిలితే వెంటనే అందుకుంటుంది. మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాను. రెండు రోజులు బాగుంది, మళ్ళీ అదే కథ. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ మార్చాలంటున్నాడు. సోమవారం అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, టెన్షన్‌గా ఉంది. మల్టీమీటర్ ఉంది, వాడటం కొద్దిగా వచ్చు. అన్నట్టు, ఎక్సలేటర్ కూడా ఈ మధ్య బిగుసుగా ఉంటోంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

గోదారి_గట్టు:
సెల్ఫ్‌లో కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి బ్రదర్. ఒకరు తాళం తిప్పుతుంటే మోటార్ మీద చెక్కముక్కతో మెల్లగా తట్టి చూడండి. అప్పుడు తిరిగితే బ్రష్‌లే.

పాతబండ్ల_వైరింగ్:
తమ్ముడూ, సెల్ఫ్ విప్పకు. నువ్వు చివర్లో రాసిన ఎక్సలేటర్ మాటే నాకు ముఖ్యం. ఇరవై ఆరేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను, ఈ రెండూ కలిసి వస్తే ముందు ఎర్త్ వైరే చూస్తాను.

ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకి నేరుగా తగలదు. సెల్ఫ్ తీసుకునే కరెంటు వంద ఆంపియర్లు కూడా దాటొచ్చు. అదంతా గేర్‌బాక్స్ దగ్గరి లావు ఎర్త్ వైరు గుండానే బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి. ఉప్పుగాలి ఆ వైరును తినేస్తే కరెంటు దొరికిన దారి పడుతుంది. ఆ దారి ఎక్సలేటర్ కేబులో, క్లచ్ కేబులో అవుతుంది. సన్నటి కేబులు ఆ వేడికి తట్టుకోలేదు, లోపలి ప్లాస్టిక్ మెత్తబడి పట్టేస్తుంది. హారన్‌కు కావలసింది కొద్ది ఆంపియర్లే, దాని ఎర్త్ బాడీకే ఉంటుంది. అందుకే మోగుతోంది.

గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టు. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీదే ఆన్చు, క్లాంపు మీద కాదు. ఎర్ర పిన్ను ఇంజిన్‌కి ఉన్న శుభ్రమైన బోల్టు మీద పెట్టి, ఎవరినైనా తాళం తిప్పమను. 0.3 లోపు ఉంటే పరవాలేదు. ఒక వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే. మీటరును ఆంపియర్లలో పెట్టి మాత్రం సెల్ఫ్ కొట్టకు, కాలిపోతుంది.

కాకినాడ_తెల్లబండి:
అన్నా, 3.4 చూపించింది! జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బోల్టుకు తగిలించి తిప్పితే మొదటిసారికే స్టార్ట్ అయింది. తర్వాత మైనస్ టెర్మినల్ తీసేసి ఎర్త్ వైరు విప్పాను. పైన తొడుగు నల్లగా, కొత్తదానిలాగే ఉంది. గేర్‌బాక్స్ వైపు లగ్ (వైరు చివర బోల్టుకు బిగించే రింగు) దగ్గర కాస్త వంచగానే ఆకుపచ్చ పొడి అరచేతిలోకి రాలింది. లోపల రాగి పోగుల్లో సగం తెగిపోయి ఉన్నాయి.

పాతబండ్ల_వైరింగ్:
బ్యాటరీ మార్చినప్పుడు ఆ వైరు కదిలి, పోగులు కాస్త అంటుకుని ఉంటాయి. అందుకే రెండు రోజులు నడిచింది. కొత్త వైరు పాతదానికంటే సన్నగా ఉండకూడదు. లగ్ మిషన్‌తో నొక్కించు. బోల్టు కూర్చునే చోట ఎమ్రీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజెలిన్ పూయి. ఇంకో మాట, ఎక్సలేటర్ కేబుల్ మార్చకుండా అమ్మను ఎక్కించుకోవద్దు. రోడ్డు మీద అది పట్టేస్తే ప్రమాదం.

కాకినాడ_తెల్లబండి:
రెండూ ఈరోజే మార్చేశాను. మీటరులో ఇప్పుడు 0.12. పాత కేబులు పట్టుకుని లాగితే ఒక చోట గట్టిగా ఆగిపోతోంది, తొడుగు అక్కడ ఉబ్బి ఉంది. సోమవారం ఏడున్నరకు బయలుదేరుతున్నాం అన్నా.