లంక బడిలో హెల్త్ రూముకి డబ్బు ఏ పద్దులో అడగాలండీ?

లంక_బయాలజీ:
కోనసీమలో ఒక లంక హైస్కూల్లో బయాలజీ చెప్తానండి. పిల్లలు 148 మంది. ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లని హెల్త్ అంబాసిడర్లుగా పెడతారు కదా, అందులో ఒకదాన్ని. బిరుదుకేం, ఘనంగానే ఉంది. చేతిలో ఉన్నది ఒక డెట్టాల్ సీసా, సగం దూది చుట్ట, ముల్లు కదలని కాటా.

మొన్న జులైలో తొమ్మిదో తరగతి పిల్ల ప్రేయర్లో కళ్ళు తిరిగి పడిపోయింది. రెండు బెంచీలు కలిపి పడుకోబెట్టాం. పొద్దున్న ఏం తిన్నావే అంటే టీ తాగానంది. కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. పీహెచ్‌సీ ఏరు దాటితేగానీ లేదు. గోదారికి ఎర్రనీరు, అదే వరద, వచ్చి ఆ రోజు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆపేశారు. వాళ్ళ నాన్న నాటు పడవలో తీసుకెళ్ళాడు. అవతలి రేవు చేరేదాకా గట్టు మీదే నిలబడ్డాను. హిమోగ్లోబిన్ 7.2 అట.

పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వ్యాను బడికి ఏడాదికోసారి రావాలి. పోయినేడు మా వంతు ఆగస్టులో పడింది. వరదలో వ్యాను ఏం దాటుతుంది, వాళ్ళని అనడానికి లేదు.

ఒక మంచం, సరైన కాటా, బీపీ మిషను, వారానికో రోజు నర్సు. ఇంతే. ఎవరికి అర్జీ పెట్టాలి?

పాత_హెడ్మాస్టరు:
అమ్మా, 100 దాటి 250 లోపు పిల్లలుంటే సమగ్ర శిక్ష పథకంలో బడి ఖర్చులకిచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 50,000 రూపాయలు. కరెంటు బిల్లుకీ సుద్దముక్కలకీ హరించుకుపోతుంది, నాకు తెలీదా! అయినా కాటా, బీపీ మిషను అందులోంచే కొనచ్చు. బడి కమిటీ చేత తీర్మానం రాయించు. మంచానికి కాగితాలెందుకు, ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారిని అడుగు. ఒక కోతకి వచ్చేదాంట్లో అదెంత?

సంచీ_ఫార్మసిస్టు:
ఆర్‌బీఎస్‌కే బృందంలో పనిచేశానండి. మాస్టారు చెప్పింది సరే గానీ, అసలు డబ్బు బడి ఖాతాకి రాదు. 2013లో మొదలైన ఈ కార్యక్రమం జాతీయ ఆరోగ్య మిషన్ పద్దు. నూటికి కేంద్రానిది 60 వంతులు, రాష్ట్రానిది 40. అది వ్యానుకీ, ఇద్దరు ఆయుష్ డాక్టర్లకీ, ఏఎన్‌ఎంకీ, నాబోటి ఫార్మసిస్టుకీ పోతుంది. అందుకని డబ్బు అడక్కండి, తేదీ అడగండి. ఏ బడికి ఎప్పుడెళ్ళాలో మైక్రోప్లాన్‌లో ముందే రాసేస్తారు. మీ లంకకి డిసెంబరో జనవరో వెయ్యమని మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారి సంతకంతో పీహెచ్‌సీ డాక్టరు గారికి ఇవ్వండి.

వ్యాను రేవులో ఆపి, కాటా, కళ్ళ చార్టు సంచీలో వేసుకుని మేం ఒక లంకకి పడవలో వెళ్ళాం. గుండె చప్పుడు తేడాగా ఉన్న ఆరో తరగతి పిల్లాడు ఆ రోజే దొరికాడు. ఆపరేషను ఆరోగ్యశ్రీలో అయిపోయింది, వాళ్ళకి రూపాయి పడలేదు.

మామూలు హైస్కూలుకి నర్సు పోస్టు లేదండి. సచివాలయం ఏఎన్‌ఎంని వారం వారం ఐరన్ మాత్రలిచ్చే రోజున రమ్మనండి. అన్నట్టు, ఆ నీలం ఐరన్ మాత్ర ఎప్పుడు వేస్తున్నారు?

లంక_బయాలజీ:
పొద్దున్నే, మొదటి పీరియడ్లో. వికారం అంటారు. మీరడిగాక అనుమానమొచ్చి వెళ్ళి చూశాను, కిటికీ కింద మందార మొదట్లో నానిపోయిన నీలం ముద్దలు! ఏడాదిగా రిజిస్టర్లో టిక్కులు పెడుతున్నది నేనే.

సంచీ_ఫార్మసిస్టు:
మరి పరగడుపున 60 మిల్లీగ్రాముల ఇనుము పడితే ఎవరికైనా తిప్పుతుందండీ. మధ్యాహ్నం అన్నం తిన్నాక, మీ ఎదురుగా మింగించండి. ఆ చుట్టుపక్కల టీ వద్దు. ఆ పిల్లకి మాత్రం ఇది చాలదు, డాక్టరు రాసిన కోర్సు పూర్తిగా వాడాలి.

పాత_హెడ్మాస్టరు:
భోజన పథకానికి ఆకలన్న వాళ్ళందరికీ అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు. ఆవిడ ఉండుంటే పరగడుపున మాత్ర మింగమన్నందుకు నీకు చివాట్లు పడేవి.

లంక_బయాలజీ:
పడాల్సిందే మాస్టారూ. కాగితం రాశాను. మండలానికి ఇద్దరు ఎంఈఓలు కదా, ఎంఈఓ-1కివ్వాలా, ఎంఈఓ-2కివ్వాలా?

పాత_హెడ్మాస్టరు:
ఇద్దరికీ ఇవ్వు. నీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా పంటు ఎక్కకు.