మహిళా దినోత్సవం ఎగ్జిబిట్ టేబుల్: వాలంటీర్లు చూడగలరు

అందరికీ నమస్కారం. మార్చి 8 ప్రోగ్రామ్‌కి లాబీలో పెట్టే టేబుల్ పని నాకు అప్పగించారు కదా. జుట్టు మందుల వ్యాపారంతో పైకొచ్చిన అమెరికా నల్లజాతి మహిళ మేడమ్ సి.జె. వాకర్ గురించి పెడదామని మీటింగ్‌లో అనుకున్నాం. తప్పకుండా పెడదాం. కానీ మనం ఉంటున్నది సెయింట్ లూయిస్‌లో. ఇక్కడ ఆ కథ, ఆమెకన్నా ముందే అదే వ్యాపారం చేసిన ఆనీ మలోన్‌తోనే మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఆనీ 1902లో ఈ ఊరొచ్చారు. అప్పట్లో నల్లజాతి ఆడవాళ్లు జుట్టుకి బాతు కొవ్వు, ఘాటైన సబ్బులు వాడి, మాడు పాడై జుట్టు పోగొట్టుకునేవారు. ఆనీ తయారుచేసిన జుట్టు మందుని షాపులవాళ్లు అమ్మకానికి పెట్టుకోలేదు. దాంతో ఇంటింటికీ వెళ్లి, డబ్బు తీసుకోకుండా తలకి పట్టించి చూపించి అమ్మారు. 1918లో ద విల్ అనే పేటలో జుట్టు, అందం పనులు నేర్పే పోరో కాలేజ్ కట్టారు. క్లాసులు, ఫ్యాక్టరీ, ఆడిటోరియం, హాస్టల్ అన్నీ ఒకే చోట. హోటళ్లు, హాళ్లు నల్లవాళ్లని గడప తొక్కనివ్వని రోజులవి. ఊరికి అదెంత ఆసరానో ఆలోచించండి.

మేడమ్ వాకర్ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానా పత్తి చేల మధ్య పుట్టారు. ఇరవై ఏళ్లకే భర్త పోతే చిన్న కూతుర్ని తీసుకుని ఇక్కడికే వచ్చి చాకిరేవు పని చేశారు. రోజుకి డాలరున్నర దొరకడమే గగనం. తన జుట్టు ఊడిపోతుంటే ఆనీ మందు వాడారు, తర్వాత ఆమె దగ్గరే ఏజెంటుగా చేరారు. 1905లో డెన్వర్ వెళ్లాక సొంత వ్యాపారం మొదలుపెట్టారు.

కల్చరల్ టీమ్ నుంచి: అక్కా, పోస్టర్ మీద "అమెరికా తొలి మహిళా మిలియనీర్" అని పెద్దక్షరాల్లో వేద్దామా? అందరూ ఆగి చూస్తారు.

వద్దమ్మా. ఆ మాట మీద వాదనలున్నాయి. 1919లో పోయేనాటికి ఆమె ఆస్తి 6 లక్షల డాలర్ల చిల్లర అంటారు. దానికన్నా 1912 షికాగో సభ వేద్దాం. నల్లజాతి వ్యాపారుల సభ అది. అప్పటి పేరున్న నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ అధ్యక్షుడు. మాట్లాడే అవకాశం ఎంతకీ ఇవ్వకపోతే ఆమే లేచి నిలబడి, పత్తి చేలలోంచి బట్టలుతికే తొట్టి దగ్గరికి, అక్కణ్ణుంచి వంటింటికి, అక్కణ్ణుంచి సొంత వ్యాపారానికి ఎలా వచ్చారో చెప్పారు. తన స్థలంలో తన ఫ్యాక్టరీ తానే కట్టుకున్నానన్నారు. మరుసటి ఏడు అదే సభకి ఆమెని వక్తగా పిలిచారు. అలాగే ఆమె అమ్మిన జుట్టు మందు డబ్బా ఫొటో ఒకటి పెద్దగా ప్రింట్ చేయించు. మూత మీద ఆమె ముఖమే ఉంటుంది. ఆ రోజుల్లో సరుకు మీద నల్లజాతి స్త్రీని వేస్తే వేళాకోళంగానే వేసేవారు. ఈమె మాత్రం నిండుగా, దర్జాగా కనిపిస్తారు.

ఫుడ్ టీమ్ నుంచి: ఆనీ గారి పేరు ఇన్నేళ్లుగా ఇక్కడున్నా వినలేదు వదినా. ఎందుకంటావు?

1927లో విడాకులప్పుడు భర్త వ్యాపారంలో సగం అడిగాడు. చివరికి 2 లక్షల డాలర్లిచ్చి కంపెనీని నిలబెట్టుకున్నారు. 1930లో షికాగో వెళ్లిపోయారు. తర్వాత కోర్టు కేసులు, పన్నుల గొడవలు. పోరో కాలేజ్ భవనం ఇప్పుడు లేదు. కానీ మన ఊళ్లో ఆమె విరాళంతో లేచిన అనాథాశ్రమానికి 1946లో ఆమె పేరే పెట్టారు. ఆ వీధి కూడా ఇప్పుడు ఆనీ మలోన్ డ్రైవ్.

అందుకే టేబుల్ మీద ఒక విరాళాల డబ్బా పెట్టి, వచ్చింది ఆ పిల్లల సంస్థకి ఇద్దామని నా కోరిక. వాళ్లకి ఫోన్ చేసి ఎలా ఇవ్వాలో కనుక్కునే బాధ్యత ఎవరు తీసుకుంటారు? ట్రెజరర్ అన్నయ్యా, రసీదు విషయం మీరు చూడాలి. పోస్టర్లకి తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదివి సరిచూసేవాళ్లు ఇద్దరు కావాలి. శుక్రవారంలోగా పేర్లివ్వండి, శనివారం ప్రింటింగ్‌కి పంపేస్తాను.