ఆఫ్రికా నగరాలకు ముందు కావలసింది కుటుంబ నియంత్రణా, నీళ్ళూ రోడ్లా?

లేగోస్ లెక్కలు:
ఎనిమిదేళ్ళుగా నైజీరియాలో, లేగోస్‌లో ఉంటున్నాను, ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ పని. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. మనవాళ్ళు ఆఫ్రికాలో చాలా చోట్ల ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

1950లో ఈ ఊరి జనాభా మూడు లక్షల పైచిలుకు. ఇవాళ కోటిన్నర పైనే, కచ్చితంగా ఎంతో ఎవరి లెక్క వాళ్ళది. పొద్దున థర్డ్ మెయిన్‌లాండ్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుంటే కింద నీళ్ళ మీద మకోకో గుడిసెలు కనిపిస్తాయి, కనుచూపు మేర అవే. మా ఆఫీసు డ్రైవర్‌కి ఆరుగురు పిల్లలు, ఎనిమిది మందీ ఒక్క గదిలో ఉంటారు. ఆ రకం ఇళ్ళని ఇక్కడ ‘ఫేస్ మీ ఐ ఫేస్ యూ’ అంటారు, నడవాకి అటూ ఇటూ ఎదురెదురు గదులు, అందరికీ కలిపి చివర ఒక బాత్రూమ్.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ముందు పిల్లల సంఖ్య తగ్గాలి, ఏ అభివృద్ధి అయినా తరవాతే. రోడ్డు వేసేలోపు, బడి కట్టేలోపు ఇంకో తరం వచ్చి నిలబడుతోంది. మన రాష్ట్రంలో మనం తగ్గించుకోలేదా? వీళ్ళు ఎందుకు చేయలేరు? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కొల్లేటి పక్షి:
గౌరవంతోనే చెప్తున్నానండీ, ఈ వాదన వింటే నాకు బాధగా ఉంటుంది. లేగోస్‌కి మెట్రో రైలు 1980ల మొదట్లోనే అనుకున్నారు. 1985లో సైనిక ప్రభుత్వం రద్దు చేసేసింది. మళ్ళీ మొదటి లైను మీద జనం ఎక్కింది 2023 సెప్టెంబరులో. మధ్యలో పోయిన ఆ 38 ఏళ్ళు మీ డ్రైవర్ భార్య పోగొట్టిందా? మీరు చూసే ఆ మకోకోలోనే 2012లో ఇళ్ళు కూల్చారు, వాళ్ళకి వేరే చోట ఇళ్ళు ఇచ్చి కాదు. నల్లా, డ్రైనేజీ, భూమి పట్టా ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వకుండా, నేరమంతా ఆడవాళ్ళ కడుపు మీదకి తోసేయడం సులువు.

మన రాష్ట్రం అన్నారు కదా, దాని గురించి తీరిగ్గా రాస్తా. అంత గొప్పగా చెప్పుకునే కథ కాదు అది.

అడిస్ మేష్టారు:
ఇథియోపియా యూనివర్సిటీల్లో మన తెలుగు లెక్చరర్లు చాలామందిమి పనిచేశాం. నేను తొమ్మిదేళ్ళు ఉన్నాను. మీరిద్దరూ చెరో వైపు లాగుతున్నారు కానీ అడిస్ అబాబా సంగతి చూస్తే రెండు వాదనలూ కొంత తేలిపోతాయి.

2005 సర్వేలో ఇథియోపియా మొత్తం మీద ఒక్కో స్త్రీకి సగటున 5.4 మంది పిల్లలు. అదే సర్వేలో అడిస్ అబాబాలో 1.4! యూరప్ నగరాల స్థాయి అది. ఎవరూ బలవంతం చేయలేదు, జరిమానాలు లేవు, బహుమతులు లేవు. ఇల్లు దొరకదు, ఉద్యోగం దొరకదు, ఈ రెండూ లేకుండా అక్కడి కుర్రాళ్ళు పెళ్ళి మాట ఎత్తరు. ప్రభుత్వం కట్టే ఫ్లాట్లని అక్కడ కొండమినియం అంటారు, నేనున్న రోజుల్లో లాటరీ తీసి కేటాయించేవారు. నా స్టూడెంట్ ఒకడు చెప్పేవాడు, వాళ్ళ అన్నయ్యకి లాటరీలో పేరు వచ్చాకే పెళ్ళని ఇంట్లో అనేసుకున్నారని. అలా పెళ్ళి ఆలస్యమవడం, దానికి తోడు గర్భం రాకుండా మందులూ సూదులూ అందుబాటులో ఉండడం, రెండూ కలిసి పనిచేశాయి.

కాబట్టి ‘ముందు పిల్లలు తగ్గాలి, తరవాత అభివృద్ధి’ అనేది అన్ని చోట్లా ఆ వరసలో జరగదు. నగర జీవితమే పిల్లల్ని తగ్గిస్తుంది. మీ నైజీరియాలోనే చూడండి, 2018 సర్వేలో లేగోస్ రాష్ట్రంలో 3.4, ఉత్తరాన కట్సీనాలో 7.3. కాంగోలో రాజధాని కిన్షాసాకి 4.2 ఉన్నప్పుడు దేశం మొత్తానికి 6.6.

ఇంకోటి. అడిస్‌లో పుట్టేవాళ్ళు అంత తగ్గినా ఊరు పెరగడం ఆగలేదు. 2007 జనాభా లెక్కల్లో 27 లక్షలు, ఇప్పుడు 50 లక్షలు దాటిందని ఐక్యరాజ్యసమితి అంచనా. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. పైగా వచ్చేవాళ్ళంతా వయసులో ఉన్నవాళ్ళు, తలా ఇద్దర్ని కన్నా సంఖ్య పెరుగుతుంది.

నైరోబీ సిస్టర్:
నేను కెన్యాలో నర్సుని, నైరోబీలో మథారే బస్తీ పక్కన చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నా. మీ అందరి లెక్కలూ చదివాను. నా దగ్గరికి వచ్చే ఏ ఒక్క మనిషీ ‘సిస్టర్, మా నగరం అభివృద్ధి కోసం సూది వెయ్యండి’ అనదు కదా! చంకలో బిడ్డకి ఇంకా ఏడాది నిండకుండా మళ్ళీ నెల తప్పిందేమో అన్న భయంతో వస్తుంది. ఇంటి అద్దె, బడి ఫీజు, కూరగాయల బండి, బిడ్డని ఎవరి దగ్గర వదలాలన్న టెన్షన్, ఇవే మాటలు.

మథారేలో చాలా ఇళ్ళకి నల్లా లేదు. ఇరవై లీటర్ల జెరికాన్ చొప్పున నీళ్ళు కొనుక్కోవాలి, పైపు కనెక్షన్ ఉన్న పెద్దిళ్ళ వాళ్ళు కట్టే రేటు కంటే ఎక్కువకి. ఇంట్లో మనిషి పెరిగితే రోజుకి ఎన్ని జెరికాన్లు పెరుగుతాయో ఆవిడకి నోటి లెక్క. ‘కుటుంబ నియంత్రణా, నీళ్ళా’ అని మీరు విడదీసి అడుగుతున్నారు, ఆవిడ ఇంట్లో ఆ రెండూ ఒకే ఖర్చు.

మూడు నెలల సూది ఎందుకు అడుగుతారో తెలుసా? ఇంట్లో దాచుకోవాల్సిన మాత్రల అట్ట ఉండదు, ఒంటి మీద గుర్తు ఉండదు. క్లినిక్ కార్డు కూడా మా దగ్గరే వదిలి వెళ్ళేవాళ్ళున్నారు, ఇంట్లో కనబడితే గొడవని. అలాంటి మనిషి ఎండలో నడిచి వచ్చినప్పుడు ‘స్టాక్ లేదమ్మా, వచ్చే వారం రా’ అని చెప్పాల్సి రావడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. వచ్చే వారం వస్తుందో రాదో, వచ్చేసరికి ఆలస్యమైపోతుందో.

దార్‌లో కుర్రోడు:
ఒకటే మాట. నేను టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌లో మొబైల్ షాపులో చేస్తా. ఇక్కడ నాతో పనిచేసేవాళ్ళకి పీఎఫ్ లేదు, పింఛను లేదు. ముసలితనంలో చూసేది పిల్లలే. నలుగుర్ని కంటే ఒక్కడైనా నిలబడతాడని ఆశ. దాన్ని తెలివితక్కువతనం అనకండి అన్నా. మా తాతదీ అదే లెక్క.

లేగోస్ లెక్కలు:
కుర్రోడి మాట ఒప్పుకుంటున్నా, నేను అంత దూరం ఆలోచించలేదు. కానీ పక్షి గారూ, ప్రభుత్వం మెట్రో రద్దు చేసింది నిజమే అనుకున్నా, జనం పెరగడం నెమ్మదిగా ఉండి ఉంటే ఆ తప్పు దిద్దుకోడానికి టైమ్ అయినా దొరికేది కదా. నా పాయింట్ అదే, టైమ్.

ఇంకో విషయం. సిస్టర్ గారి పోస్టు చదివాక నిన్న కారులో డ్రైవర్‌ని అడిగాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. నాలుగో బిడ్డ తరవాతే వాళ్ళావిడ చాలనుకుందట. క్లినిక్‌కి వెళ్తే ‘మీ ఆయన్ని తీసుకురా, ఆయన సరే అంటేనే ఇస్తాం’ అన్నారట. ఇతను ఆ రోజుల్లో నెలకి ఇరవై అయిదు రోజులు లారీ మీద ఉత్తరాదికి తిరిగేవాడు. అలా ఐదోది, ఆరోది. ఎనిమిదేళ్ళుగా అతని వెనక సీట్లో కూర్చుని, ‘వీళ్ళు మారరు’ అనుకుంటూ ఉన్నాను. సిగ్గుగా ఉంది.

కొల్లేటి పక్షి:
అడిగినందుకు థాంక్సండీ, చాలామంది అడగరు. ఇప్పుడు మన కథ.

1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 33 శాతం. అయినా 1992-93 సర్వేకే సగటు 2.6 పిల్లలకి దిగాం. చదువు రాకముందే, పరిశ్రమలు రాకముందే. లేగోస్ లెక్కలు గారి వాదనకి ఇంతకంటే మంచి ఉదాహరణ ఇంకోటి ఉండదు, అది నేనే ఇస్తున్నా. కానీ ఎలా దిగాం? ఆపరేషన్ క్యాంపులతో. మా అమ్మకి 22 ఏళ్ళకి ఆపరేషన్ చేశారు, బడి వరండాలో చాప మీద పడుకోబెట్టారు, మూడో రోజు నాట్లకి వెళ్ళింది, ఆ నడుం నొప్పి ఆవిడ చనిపోయేదాకా వదల్లేదు. మాత్రలున్నాయనీ, లూప్ ఉందనీ, బిడ్డకీ బిడ్డకీ ఎడం పెట్టుకోవచ్చనీ ఎవరూ చెప్పలేదు. 2019-21 సర్వేలో కూడా మన ఏపీలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతానికి ఆపరేషనే, మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా ఒకటి రెండు శాతం. 1976లో ఉత్తరాదిన మగవాళ్ళని పట్టుకెళ్ళి బలవంతంగా ఆపరేషన్లు చేసిన ఘోరం అందరికీ తెలుసు, మన దగ్గర నెమ్మదిగా, టార్గెట్ల పేరుతో జరిగింది ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడేమో ఎక్కువ మందిని కనమంటున్నారు, ఇద్దరికి మించి ఉంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధన 2024లో తీసేశారు.

నైజీరియా 1988 జనాభా విధానం చూడండి. స్త్రీకి నలుగురు పిల్లలు చాలని రాశారు. స్త్రీకి! ముగ్గురు భార్యలున్న మగాడికి పన్నెండు మందైనా విధానం ప్రకారం సరే. ఇంకో వైపు టాంజానియా అప్పటి అధ్యక్షుడు మగుఫులి 2018లో, కుటుంబ నియంత్రణ పాటించేవాళ్ళు సోమరులు అన్నట్టు మాట్లాడాడు. ఆ వెంటనే రేడియోలో, టీవీలో వచ్చే ప్రకటనలు ఆపించారు. కనవద్దన్నవాళ్ళూ కనమన్నవాళ్ళూ ఇద్దరూ కనాల్సిన ఆవిడని అడగలేదు. నా గొడవంతా అది. సూదికీ మాత్రకీ నేను వ్యతిరేకం కాదు.

అడిస్ మేష్టారు:
పక్షి గారూ, అమ్మగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

టైమ్ గురించి ఒకటి చెప్పాలి, అక్కడ లేగోస్ లెక్కలు గారిదే సరైన మాట. సిస్టర్ గారి కెన్యానే తీసుకోండి. 1970ల చివర ఒక్కో తల్లికి 8 మంది. 1998కి 4.7కి వచ్చింది. అక్కడ ఆగిపోయింది, 2003 సర్వేలో 4.9. ఎయిడ్స్ విరుచుకుపడిన రోజులవి, డబ్బూ మనుషులూ అటు వెళ్ళారు, క్లినిక్కుల్లో సరుకు నిండుకుంది. ఆ అయిదేళ్ళలో పుట్టినవాళ్ళు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు, నైరోబీలో పనీ అద్దె గదీ వెతుక్కుంటున్నారు. తరవాత మళ్ళీ పట్టించుకుంటే 2022కి 3.4కి దిగింది. నైరోబీ జనాభా 1989లో 13 లక్షలు, 2019లో 44 లక్షలు. ఆ ఊరి నీళ్ళలో ఎక్కువ భాగం వచ్చేది 1994లో పూర్తయిన థీకా డ్యామ్ నుంచి. డ్యామ్ కట్టడానికి పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పడుతుంది. అయిదేళ్ళు సూదులు అందకపోతే దాని భారం ఇరవయ్యేళ్ళ తరవాత పైపుల మీద పడుతుంది, అప్పటికి ఆ మంత్రులు ఎవరూ పదవిలో ఉండరు.

డబ్బు మరీ పెద్దదీ కాదు. 2013లో ఇంప్లాంట్ (గర్భం రాకుండా చేతి చర్మం కింద పెట్టేది) ధర పేద దేశాలకి దాదాపు 18 డాలర్ల నుంచి 8.50కి తగ్గించారు, అయిదేళ్ళు పనిచేస్తుంది అది. ఒక ఫ్లైఓవర్ స్తంభం ఖర్చుతో ఎన్ని వస్తాయో అకౌంట్స్ మనిషి మీరు, మీరే లెక్క వేయండి.

కొల్లేటి పక్షి:
ఒప్పుకుంటా. ఒక్క షరతు. ఇంప్లాంట్ పెట్టడం ఎంత సులువుగా ఉండాలో, వద్దనుకున్న రోజు తీయించుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. పెట్టడానికి క్యాంపులు పెట్టి, తీయడానికి ‘మా దగ్గర చేయరు’ అంటే అది మళ్ళీ మా అమ్మ కథే.

లేగోస్ లెక్కలు:
మొదటి పోస్టులో ‘ముందు ఇది, తరవాత అది’ అని రాశాను, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. టైమ్ సంగతి మాత్రం వదలను. అంత చవకైన పనిని నగరాలు తమ సొంత బడ్జెట్లో ఎందుకు పెట్టుకోవు? అమెరికా డబ్బు మీద ఆధారపడితే ఏమవుతుందో 2025లో చూశాం కదా, ఎక్కువ భాగం ఆఫ్రికాకి రావాల్సిన 97 లక్షల డాలర్ల గర్భనిరోధక సరుకు బెల్జియం గోడౌన్లో ఇరుక్కుపోయింది. లేగోస్ బడ్జెట్‌కి అదొక లెక్కా?

సిస్టర్ గారూ, ఒక సొంత ప్రశ్న. డ్రైవర్ వాళ్ళావిడకి ఇప్పుడు 36 ఏళ్ళు, ఇంకా భయంగానే ఉందంట. భర్త కూడా వస్తానంటున్నాడు. ఏం అడగమని చెప్పాలి?

నైరోబీ సిస్టర్:
ఇద్దరూ వెళ్తే మంచిదే, కానీ ఆయన సంతకం లేకపోతే ఇవ్వం అన్న చోటికి మాత్రం మళ్ళీ వెళ్ళొద్దనండి. ఇంకో క్లినిక్ చూసుకోమనండి. వీలుంటే ముందు బీపీ చూపించుకోమనండి, ఆ వయసులో అది మంచిది. ఇంప్లాంట్, లూప్, సూది మూడూ చూపించి, ఏది వేస్తే నెలసరి ఎలా మారుతుందో చెప్పమని ఆవిడే అడగాలి. అది ముందే చెప్పకపోతే రెండో నెలలో భయపడి తీయించేసుకుంటారు. తీయించుకోవాలంటే ఎక్కడికి రావాలో కూడా అప్పుడే అడగాలి, పక్షి గారు చెప్పింది నిజం.

మా దగ్గర ఈ వారం సూదులు ఉన్నాయి. ఇంప్లాంట్లు లేవు. అడిగి వెళ్ళినవాళ్ళ ఫోన్ నంబర్లు నోటుబుక్కులో రాసుకుంటున్నాం, రాగానే ఫోన్ చేస్తామని చెప్పి పంపుతున్నాం. కొంతమంది నంబరు కూడా ఇవ్వరు, ఫోన్ ఇంట్లో ఆయన దగ్గర ఉంటుందని.