ప్రయాణాల్లో అంటుకునే రోగాలంటూ తిరిగే మెయిళ్లు: ఏది నిజం, ఏది పుకారు?

తూనీగ:
అమ్మా నాన్నా తొలిసారి విదేశం వెళ్తున్నారు. అప్పటినుంచి బంధువుల మెయిళ్లకు అంతు లేదు. విమానంలో మరుగుదొడ్డి సీటు కింద విషపు సాలీడు ఉంటుందట. సినిమా హాలు సీట్లలో హెచ్‌ఐవీ సూదులు గుచ్చి పెడతారట. హోటల్లో మత్తుమందు కలిపి కిడ్నీ తీసేస్తారట. కూల్‌డ్రింక్ డబ్బా మీద ఎలుక మూత్రం ఉంటే ప్రాణమే పోతుందట. "అబద్ధమైతే ఇంతమంది ఎందుకు పంపుతారు?" అంటుంది అమ్మ. కొట్టిపారేస్తే ఆవిడ భయం తగ్గదు, ఒక్కోదానికీ జవాబు చెప్పాలి. తెలిసినవారు దయచేసి రాయండి.

బాటసారి:
తూనీగ గారూ, సాలీడు కథ 1999 నాటిది. అసలు మెయిల్‌ను శ్రద్ధగా చదివితే అందులోనే దొరికిపోతుంది. అది పేర్కొన్న వైద్య పత్రిక ఎక్కడా లేదు. మెయిల్లో రాసిన పేరుతో సాలీడు జాతి కూడా లేదు. విమానాలను తనిఖీ చేయించిందంటూ అమెరికా పౌర విమానయాన బోర్డును పోలిన పేరు రాశారు. ఆ అసలు బోర్డునైతే 1985 ఆరంభంలోనే రద్దు చేశారు. తర్వాత ఎవరో పాత కథలోకి టెలమోనియా డిమిడియాటా అనే నిజమైన సాలీడు పేరును చొప్పించి మళ్లీ తిప్పారు. అది ఆసియాలో ఉండే గెంతే సాలీడు, మనుషులకు హాని చేయదు.
నేను మొదట చూసేది తేదీ. ఇలాంటి మెయిళ్లలో "గత వారం", "నిన్న" అని ఉంటుంది తప్ప తేదీ ఉండదు. అందుకే ఆ "గత వారం" ఏళ్ల తరబడి గత వారంగానే ఉండిపోతుంది.

సూక్ష్మదర్శిని:
రక్త పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి సూదుల సంగతి చెబుతాను. సినిమా సీట్లలో, పెట్రోలు బంకు పంపుల మీద పెట్టిన సూదుల వల్ల హెచ్‌ఐవీ సోకిన ఉదాహరణ ఒక్కటీ తమ దృష్టికి రాలేదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, స్పష్టంగా చెప్పింది. ఒంటి బయట ఆ వైరస్ త్వరగా శక్తి కోల్పోతుంది. హెచ్‌ఐవీ ఉన్న రోగి రక్తంతో తడిసిన సూది ఆసుపత్రి సిబ్బందికి అప్పటికప్పుడు గుచ్చుకున్నా, వెయ్యిసార్లలో సుమారు మూడుసార్లే సోకుతుంది.
అలాగని పడేసిన సూది గుచ్చుకుంటే ఊరుకోమనడం లేదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. నాకు అసలు బాధ ఎక్కడంటే, హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం వారం రోజులు బతుకుతుంది, దానికి మంచి టీకా కూడా ఉంది. ఆ మాట ఒక్క మెయిల్లోనూ కనిపించదు.

నీలిమేఘం:
కిడ్నీ కథ. హోటల్ గదిలో స్పృహ వచ్చేసరికి మంచుగడ్డల తొట్టిలో ఉన్నాడట, పక్కనే "అంబులెన్సుకు ఫోన్ చెయ్యి" అని చీటీ ఉందట. 1997లో ఇది న్యూ ఆర్లీన్స్ పేరుతో ఎంత పాకిందంటే, అలాంటి ఘటన ఏదీ జరగలేదని ఆ నగర పోలీసులు ప్రకటన చేయాల్సి వచ్చింది. బాధితులుంటే ముందుకు రమ్మని అమెరికాలోని జాతీయ కిడ్నీ ఫౌండేషన్ అడిగితే ఒక్కరూ రాలేదు. దాత, గ్రహీతల రక్తం, కణజాలం సరిపోవాలి, ఆపరేషన్ థియేటరు కావాలి, శిక్షణ పొందిన బృందం కావాలి. హోటల్ గదిలో అయ్యే పని కాదు.
అయితే అవయవాల అక్రమ వ్యాపారం నిజంగానే ఉంది. అందులో నలిగేది అప్పుల్లో కూరుకుపోయిన పేదలు. ఈ కథ చూపంతా పర్యాటకుడి మీదకు తిప్పి వాళ్లను కనబడకుండా చేస్తుంది. నాకు కోపం తెప్పించేది అదే.

సంచారి:
అన్నీ పుకార్లే అని అమ్మగారికి చెప్పకండి. 2003 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లోని ఒక హోటల్లో సార్స్ సోకిన డాక్టరు బస చేస్తే, అక్కడి అతిథుల ద్వారా ఆ వ్యాధి హనోయ్, సింగపూర్, టొరంటోలకు చేరింది. అది నిజం. అదే ఏడాది ఏప్రిల్ 1న హాంకాంగ్‌ను వ్యాధి సోకిన రేవుగా ప్రకటించారని ఒక కుర్రాడు దొంగ వార్త పెడితే జనం దుకాణాల మీద పడ్డారు. అది పుకారు. రెండూ ఒకే ఊరు, ఒకే వ్యాధి. అందుకే ప్రతిదాన్నీ విడిగా చూడాలి.

తూనీగ:
చాలా కృతజ్ఞతలు. మరి కూల్‌డ్రింక్ డబ్బా? విమానంలో కూర్చుంటే రక్తం గడ్డకడుతుందని కూడా ఒకటి వచ్చింది.

సూక్ష్మదర్శిని:
డబ్బా కథలో జబ్బు నిజం, దారి తప్పు. లెప్టోస్పైరోసిస్ ఎలుకల మూత్రం వల్ల వస్తుంది, కానీ ఆ బ్యాక్టీరియా తడి ఆరిపోతే చచ్చిపోతుంది. డబ్బాను తుడుచుకుని తాగితే మంచిదే. అసలు ముప్పు వరద నీటిలో, నదుల్లో, చెరువుల్లో ఉంది. 2000లో బోర్నియోలోని సబాలో జరిగిన ఈకో-ఛాలెంజ్ సాహస పోటీలో ఎంతోమందికి ఈ జ్వరం వచ్చింది. సెగమా నదిలో ఈదడమే ముఖ్య కారణమని తేలింది. ఆ బ్యాక్టీరియా ఒంట్లోకి పోవడానికి గీరుకుపోయిన చర్మం, కళ్లు, నోరు చాలు.
రక్తం గడ్డకట్టడం నిజం. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది, అయినా మొత్తంగా చూస్తే తక్కువే. బస్సులో, రైల్లో కూర్చున్నా అంతే. మధ్యమధ్య లేచి నడవాలి, పిక్కలు కదిలించాలి. గతంలో కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగాలి. ప్రయాణం తర్వాత ఒక కాలు వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బాటసారి:
మెయిళ్లు చెప్పనిది ఒకటి నేను చెప్పాలి. మలేరియా ఉన్న ప్రాంతం నుంచి తిరిగొచ్చిన నా మిత్రుడికి రెండు వారాల తర్వాత చలిజ్వరం పట్టుకుంది. మామూలు ఫ్లూ అనుకుని మాత్రలు రాసి పంపేశారు. మర్నాడు వాళ్లావిడ పాస్‌పోర్టు తీసుకెళ్లి ఆ దేశపు ముద్రను డాక్టరు ముందు పెట్టింది. అప్పుడు రక్తపరీక్ష చేశారు, మలేరియా బయటపడింది. తిరిగొచ్చిన వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత జ్వరం వచ్చినా "ఫలానా చోటికి వెళ్లొచ్చాను" అనే మాట ముందుగా డాక్టరు చెవిన వేయాలి.

సంచారి:
ప్రయాణికులకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది విరేచనాలు. నీళ్ల విషయంలో జాగ్రత్తపడేవాళ్లు ఐసు సంగతి మరిచిపోతారు, అదీ ఆ నీళ్లే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో పెట్టించండి. కుక్క గానీ కోతి గానీ కరిచినా, రక్కినా సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, టీకా కోసం అప్పుడే వెళ్లాలి, ఇంటికొచ్చాక చూద్దామనుకోకూడదు. వాళ్లు వెళ్లే దేశం ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అడుగుతుందేమో ఇప్పుడే చూడండి. టీకా వేసుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. ఒకసారి వేసుకుంటే 2016 జూలై నుంచి జీవితకాలం చెల్లుతోంది.