స్తూపాన్ని చైనీస్‌లో 'థా' అంటారు కదా, హుయాన్‌త్సాంగ్ మూలంలో ఆ అక్షరం ఎందుకు తగలట్లేదు?

బ్రాడీపేట నాలుగో లైను
హుయాన్‌త్సాంగ్ యాత్రా గ్రంథం పదో సంపుటంలో ఆంధ్ర దేశం, ధాన్యకటకం భాగాలను చైనీస్ మూలం పక్కన పెట్టుకుని చదువుతున్నాను. స్తూపానికి 'థా' అని నేర్చుకుని ఫైల్లో వెతికితే ఈ రెండు భాగాల్లో ఒక్కసారీ రాలేదు. అనువాదంలో మాత్రం స్తూపం ఉంది. ఫోన్ నిఘంటువులో అదే అక్షరం కొడితే లైట్‌హౌస్, పిరమిడ్, ఆఖరికి టాటా కంపెనీ కూడా వస్తున్నాయి. ఏ కాలానికి ఏ అర్థం తీసుకోవాలి?

ఉండవల్లి సెంటర్
ఫైల్లో తప్పేం లేదండి. ఆయన ఆ అక్షరం వాడలేదు, అంతే. సంస్కృతం 'స్తూప'ను మూడు అక్షరాల్లో 'సూ-తూ-పో' అని రాశాడు. మొదటి సంపుటంలోనే చిన్న అక్షరాల్లో గమనిక ఉంటుంది: పూర్వం ఫూథూ, థాపో వగైరా అన్నది దీన్నే, అవన్నీ తప్పు రూపాలు అని. ఉచ్చారణ దగ్గర ఆయనకు పట్టింపు ఎక్కువ.

ఆంధ్ర దేశం భాగంలో 'సూ-తూ-పో' కొట్టండి, వెంటనే దొరుకుతుంది: విహారం ముందు రాతి స్తూపం, ఎత్తు కొన్ని వందల అడుగులు, కట్టించినవాడు అచల అనే అర్హతుడు (నిర్వాణం పొందిన భిక్షువు). (ఆ ఎత్తు నేను నమ్మను, అది వేరే సంగతి.) ధాన్యకటకం భాగంలో మాత్రం ఏ స్పెల్లింగుతో వెతికినా మన అమరావతి మహాస్తూపం రాదు. అక్కడ ఉన్నది ఊరికి తూర్పున, పడమరన కొండలకు ఆనుకున్న పూర్వశైల, అపరశైల విహారాలు, బౌద్ధ తత్వవేత్త భావవివేకుడి కథ.

లబ్బీపేట
కాలక్రమం అడిగారు కాబట్టి.

'థా' బౌద్ధం కోసం పుట్టిన అక్షరం. క్రీ.శ. 100లో పూర్తయిన షువోవెన్ నిఘంటువులో 9,353 అక్షరాలున్నా ఇది లేదు. 986లో షూ షువాన్ అనే పండితుడు దాన్ని పరిష్కరించి 402 అక్షరాలు కొత్తగా కలిపాడు. వాటిలో ఇది ఉంది. అర్థం 'పడమటి దేశాల ఫూథూ' అని ఇచ్చాడు. ఈ మధ్యలో, 4వ శతాబ్దపు చైనా రచయిత గె హొంగ్ దీనికి 'బుద్ధమందిరం' అని అర్థం చెప్పాడు. కాబట్టి ఆ కాలపు రచనల్లో ఇది కనబడగానే అండాకారపు స్తూపం అని ఊహించుకోకండి.

ఎడమ సగం 'మట్టి', కుడి సగం శబ్దం కోసం. మూలం ప్రాకృతం 'థూప', చివరి పకారం ఉత్తరాది చైనీస్‌లో రాలిపోయింది. కాంటనీస్‌లో, కొరియన్‌లో, వియత్నామీస్‌లో ఇప్పటికీ 'ప్' వినిపిస్తుంది.

తర్వాత కట్టడమే మారింది. హెనాన్‌లోని సొంగ్‌యుయే థా 523 నాటిది, పన్నెండు పలకల ఇటుక గోపురం, సుమారు 40 మీటర్లు. అమరావతి తరహా అండం (గుమ్మటం) అక్కడ శిఖరం మీది చిన్న అలంకారంగా మిగిలింది. అక్షరం పాతదే, బొమ్మ వేరు. మఠాధిపతుల సమాధులనూ థా అనే అంటారు. షావోలిన్‌లో వాటి గుంపు పేరు 'థా వనం'.

ఇక 'ఫూథూ' అసలు చిక్కుముడి. క్రీ.శ. 65 నాటి హాన్ రాజాజ్ఞలో అది సాక్షాత్తు బుద్ధుడు. 516లో లొయాంగ్‌లో కట్టి 534లో కాలిపోయిన తొమ్మిదంతస్తుల యొంగ్‌నింగ్ గోపురాన్ని వర్ణించే రచనలో అదే మాటకు గోపురం అని అర్థం. కొన్నిచోట్ల బౌద్ధ భిక్షువు కూడా. పక్కన 'అంతస్తులు' లెక్క ఉంటే కట్టడం, 'పూజించాడు' అని ఉంటే బుద్ధుడు.

కొత్తపేట, గుంటూరు
లబ్బీపేట గారి జాబితాలో చైత్యం తప్పిపోయింది. ఫాహియాన్ కూడా చెయ్యివేసి 416-418లో అనువదించిన మహాసాంఘిక వినయంలో (ఆ బౌద్ధ శాఖ భిక్షువుల నియమావళి) సూటిగా ఉంది: ధాతువు (అస్థికల వంటి పవిత్ర అవశేషం) ఉంటే 'థా', లేకపోతే 'చైత్యం'. దీన్ని పట్టుకుని చాలామంది మన శాసనాల్లోని 'మహాచేతియ' అంటే ధాతువు లేనిదని రాసేస్తుంటారు. మన దగ్గర ఆ సూత్రం చెల్లదు. నాగార్జునకొండ మహాచైత్యం తవ్వకంలో ధాతువు దొరికింది, అక్కడి శాసనాలు దాన్ని మహాచేతియ అనే అంటాయి.

బ్రాడీపేట నాలుగో లైను
అందరికీ ధన్యవాదాలండి. అచ్చు నిఘంటువులో వెతికితే మట్టి భాగం కింద, మిగతా గీతలు 9 ఉన్నచోట ఇది లేదు. ఇప్పటి లైట్‌హౌస్ అర్థాల సంగతీ కాస్త చెప్పండి.

ఉండవల్లి సెంటర్
ఇప్పటి లెక్కలో మొత్తం 12 గీతలు: మట్టి 3, కుడివైపు 9. కాంగ్‌షీ లాంటి పాత నిఘంటువుల్లో కుడివైపు పైనుండే గడ్డి గుర్తును 4 గీతలుగా లెక్కేస్తారు, అందుకని 10 దగ్గర చూడాలి.

ఇప్పటి వాడుకలో సన్నగా పొడుగ్గా నిలబడేదేదైనా థానే. దీపం థా లైట్‌హౌస్, నీళ్ల థా మన ఓవర్‌హెడ్ ట్యాంకు, చల్లబరిచే థా అంటే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో కనిపించే కూలింగ్ టవర్. పిరమిడ్‌కు 'బంగారం అక్షరం థా' అనే పేరు దాని ఆకారాన్ని బట్టి వచ్చింది: బంగారం అనే అక్షరం పైన మొనదేలి కింద వెడల్పుగా ఉంటుంది. ఈజిప్టు బంగారంతో సంబంధం లేదు. టాటా, తాష్కెంట్, తారిమ్ పేర్లలో అక్షరం శబ్దానికి మాత్రమే, అక్కడ అర్థం వెతక్కండి.

'ఇనుప థా' దగ్గర జాగ్రత్త. ప్యారిస్ గురించైతే ఐఫిల్ టవర్, కరెంటు వార్తైతే హైటెన్షన్ టవర్, కైఫెంగ్ గురించైతే 1049 నాటి బౌద్ధ గోపురం. ఈ చివరిదాంట్లో ఇనుము లేదు, ఇటుక మీద తుప్పు రంగు మెరుగు పలకలు. ఫోన్ అనువాదాలు మూడింటినీ 'ఐరన్ టవర్' అని ఒకే గాటన కట్టేస్తాయి.

ఫైల్లో వెతికేటప్పుడు సంప్రదాయ లిపి పెట్టుకోండి. ఫూథూలో రెండో అక్షరం రెండు రకాలుగా రాస్తారు, రెండూ విడివిడిగా కొట్టాలి. వాటితోపాటు థా, థాపో, సూ-తూ-పో, చైత్యం కూడా.