‘చేప’ అన్న మాటకు హద్దు ఎక్కడ?

ప్రశ్న: హైస్కూలు పిల్లల కోసం వ్యాసం రాస్తున్నానండీ. “తిమింగలం చేప కాదు, క్షీరదం” అని రాశాను. మా బడి సైన్సు మేడం చూసి, “అసలు చేపలే ఇప్పుడు ఒక వర్గం కాదండీ” అన్నారు. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. మరి ఆ మాట మానేయాలా?

జవాబు: మానక్కర్లేదండీ. మేడం చెప్పిందీ నిజమే. ఇప్పటి శాస్త్రం దేన్నైనా వర్గం అనాలంటే ఒక షరతు పెడుతుంది: ఒకే పూర్వీకుడి సంతానమంతా అందులో ఉండాలి, ఏ కొమ్మనూ వదిలేయకూడదు. చేపల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఎందుకంటే గట్టెక్కి కాళ్ళు తెచ్చుకున్న కొమ్మ కూడా చేపల్లోంచి వచ్చిందే. కప్ప, బల్లి, కాకి, ఆవు, మనం, అందరం ఆ కొమ్మవాళ్ళం. మనల్ని బయట ఉంచి గిరి గీస్తే అది సగం నరికిన వంశవృక్షం అవుతుంది.

ఆ కొమ్మకు దగ్గర్లో నిలిచేది టిక్టాలిక్ అనే శిలాజ చేప. 2004లో కెనడా ఉత్తరపు కొసన, ఎల్స్‌మియర్ దీవిలో దొరికింది. వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. పొలుసులు, మొప్పలు చేపవే. కానీ మెడ తిప్పగలదు, ముందు వాజాల లోపల మణికట్టు లాంటి ఎముకలున్నాయి. పేరు అక్కడి ఇన్యూట్ల భాషలోది, మంచినీటి పెద్ద చేప అని అర్థం. లాటిన్ వెతుక్కోకుండా ఆ నేలవాళ్ళ మాటే పెట్టడం నాకెంతో నచ్చింది.

మన కొరమీనునే తీసుకోండి, తెలంగాణ రాష్ట్ర చేప. తొట్టిలో వేస్తే కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగి పోతుంది. తడి బురదలో కూడా కొంతకాలం బతుకుతుంది. గాలి పీలుస్తుంది కాబట్టి మనకు దగ్గర చుట్టం అనిపిస్తుంది, కాదు. దానికి ఊపిరితిత్తి లేదు; మొప్పల పైన, తలలో ఉన్న మడతల గదులే ఆ పని చేస్తాయి. వాజాలు విసనకర్ర పుల్లల్లా సన్నటి కిరణాలు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉండే పుపుస చేపలకు మాత్రం నిజమైన ఊపిరితిత్తి ఉంది. కండగల వాజం మొదట్లో, మన దండచేతి ఎముకలాగే, ఒకే ఎముక. వంశం లెక్కన పుపుస చేపకు కొరమీను కన్నా మనమే దగ్గర. ‘చేప’ ఒక వర్గం ఎందుకు కాదో పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణతో చెప్పొచ్చు.

హద్దులు మారడం ఇప్పుడు కొత్తగా వచ్చింది కూడా కాదు. జీవులను వర్గాలుగా విడదీసి పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్, 1735లో తన వర్గీకరణ పుస్తకంలో తిమింగలాలను చేపల్లోనే పెట్టాడు. అదే పుస్తకం 1758 కూర్పులో వాటిని తీసి క్షీరదాల్లో వేశాడు. అదే కూర్పులో సొరలను (షార్కులు), టేకులను (రే చేపలు) కూడా చేపల్లోంచి తీసేసి ఉభయచరాల్లో, ఈదేవాటి కింద చేర్చాడు! తర్వాతివాళ్ళు మళ్ళీ వెనక్కి తెచ్చారు.

ఇంకొకరు: మాది భీమిలి వైపండి. మా ఇళ్ళల్లో సొర, టేకు అని విడిగానే అంటాం. వాటికి గుచ్చుకునే ముల్లు ఉండదు. సొరపిట్టు చేసేటప్పుడు మాంసం ఉడికించి చేత్తో నలిపితే పొడిపొడిగా వచ్చేస్తుంది. బాలింతలకు పాలు పడతాయని పెడతారు.

జవాబు: చాలా మంచి మాట చెప్పారు. మీ వంటింట్లో తెలిసిన తేడాయే శాస్త్రంలోనూ పెద్ద చీలిక. సొరకు, టేకుకు అస్థిపంజరమంతా మృదులాస్థే, అంటే మన చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక. బజారులో చేప తాజాదో కాదో చూడటానికి మొప్ప మూత ఎత్తుతాం కదా, సొరకు ఎత్తడానికి మూతే ఉండదు. పక్కన చీలికలు బయటికే కనిపిస్తాయి, చాలా సొరలకు అయిదేసి. టేకుకైతే అవి పొట్టవైపు ఉంటాయి.

మీ తీరపు మాటలు చాలా దూరం వెళ్ళాయి కూడా. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం వచ్చింది. చేపలకు ఆయన ఇక్కడివాళ్ళు చెప్పిన పేర్లే రాసుకున్నాడు: సొరలకు ‘సొర్రా’, టేకులకు ‘టెంకీ’, తాకితే తిమ్మిరెక్కించే కరెంటు చేపకు ‘తిమిరి’. కార్కరైనస్ సొర్రా అనే సొర శాస్త్రీయ నామంలో ఈ దక్షిణాది మాట ఇప్పటికీ ఉంది. తమిళంలోనూ సురా అంటారు. ఏ కొలువులోనూ లేని పల్లెకారుల మాట ప్రపంచమంతా చదివే పేరులోకి ఎక్కడం చూస్తే గర్వంగా ఉంటుంది.

ఇక మీ వ్యాసం సంగతి. “చేపల వర్గం” అన్నచోట “చేపలు” అని ఊరికే రాయండి. నీళ్ళలో ఉంటూ, మొప్పలతో, వాజాలతో బతికే వెన్నెముక జీవులను కలిపి పిలిచే మాటగా అది చక్కగా పనిచేస్తుంది. వంశం చెప్పాల్సి వచ్చినప్పుడు కొమ్మ పేరు చెప్పండి: దవడలేని చేపలు, మృదులాస్థి చేపలు, కిరణ వాజాలవి, కండ వాజాలవి. పాఠ్యపుస్తకాల్లో ఉండే ‘అస్థి చేపలు’ తప్పని అనను, కానీ వంశం లెక్కన ఆ కొమ్మలో మనమూ ఉన్నామని ఒక వాక్యం చేర్చాలి. నక్షత్ర చేప, జెల్లీ చేపలకు వెన్నెముకే లేదు, వాటిని ఈ వ్యాసంలోకి తేకండి. తిమింగలం వాక్యం మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేయండి. ‘తిమి’ అనే మహా చేపను మింగేది తిమింగిలం అని ఆ పేరు వచ్చినా, అది పిల్లకు పాలిచ్చే జీవే.